పక్షవాతం లేని పక్షవాతం

మనస్తత్వ శాస్త్రం చదవాలని వచ్చిన విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే ఒక అధ్యాయం ఎదురవుతుంది. 'ప్రవర్తనకు జీవశాస్త్ర ప్రాతిపదికలు' అనో, 'మెదడు - నాడీమండలం' అనో దానికి పేరు. కలల గురించీ, ఫ్రాయిడ్ గురించీ, మనుషుల్ని చదివే విద్య గురించీ ఏవేవో ఊహించుకుని వచ్చినవాళ్ళు ఆ అధ్యాయం దగ్గర మొహం ముడుచుకుంటారు. ఇది జంతుశాస్త్రం వాళ్ళ వ్యవహారం కదా, మనకెందుకు అంటారు. మెదడు బొమ్మ ఒకటి గీసి, చుట్టూ పదీ పన్నెండు బాణాలు పెట్టి, ఒక్కొక్క బాణం చివర ఒక్కొక్క పేరు రాసి, పది మార్కులు తెచ్చుకుని దాన్నుంచి బయటపడతారు. నేనూ అలాగే బయటపడ్డాను. మార్కులు బాగానే వచ్చాయి కూడా.

ఆ అధ్యాయాన్ని మనం తప్పుగా బోధిస్తున్నామని నా అభిప్రాయం. భూగోళం పాఠంలో రాజధానుల పేర్లు చెప్పినట్టు మెదడు భాగాల పేర్లు చెబుతున్నాము. ఫలానా భాగం ఫలానా పని చేస్తుందని కంఠతా పట్టిస్తున్నాము. ఆ భాగం దెబ్బతిన్న మనిషి ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటాడో మాత్రం చెప్పడం లేదు. ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వల్ల ఏర్పడింది కాదు. మా మేనమామ వల్ల ఏర్పడింది.

2003 మే నెల. నేను ఎం.ఏ. సైకాలజీ పరీక్షలు రాసి మావయ్యగారి ఊరికి వెళ్ళాను. ఆయన తెలుగు పండితులుగా పనిచేసి మూడేళ్ళ క్రితం పదవీ విరమణ చేశారు. ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని, నాలుగింటికి లేచి, వసారాలోకి వచ్చి నాతో మాట్లాడడం మొదలుపెట్టారు. గొంతు ఆయనదే, ధోరణి ఆయనదే. మాటలు మాత్రం ఇలా ఉన్నాయి: "ఒరేయ్, ఆ తలుపుకి నిన్నటి ఉప్పు పోసి వంగదీశావా? మరి పలకమ్మలు ఎప్పటికి ఎండుతాయి?" మొదట పరాచికమనుకున్నాను. ఆయన నవ్వలేదు. నా జవాబు కోసం ఎదురు చూశారు.

కాళ్ళూ చేతులూ చక్కగా ఆడుతున్నాయి. మూతి వంకర పోలేదు. తనే నడిచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తాగారు. అందువల్ల పక్షవాతమన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాలేదు. పక్కింటివారు వడదెబ్బ అన్నారు, మే నెల కనుక ఆ మాట నమ్మదగ్గట్టే ఉంది. ఎదురింటి ముసలమ్మ గాలి సోకిందని, తాయెత్తు కట్టించమంది. నేను వాళ్ళిద్దరినీ చూసి లోలోపల నవ్వుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా! ఉద్యోగం పోయిన తరువాత మనిషికి విలువ తగ్గినట్టనిపిస్తుందనీ, అణచిపెట్టుకున్న దిగులు ఇలా బయటపడుతుందనీ, నాలుగు రోజులు ప్రశాంతంగా ఉండనిస్తే సర్దుకుంటుందనీ అత్తయ్యకు ధైర్యం చెప్పాను. ఆ పరీక్షల్లో వెర్నికే ప్రాంతం మీద ప్రశ్న వచ్చింది. దానికి రెండు పేజీల సమాధానం రాసి అప్పటికి నిండా నెల కాలేదు.

నాలుగో రోజున పట్నంలో మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాము. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, మొహంలో ఏ కవళికా లేకుండా, "కళ్ళు మూసుకోండి" అన్నారు. మావయ్య చిరునవ్వు నవ్వి ఏదో చెప్పసాగారు. "మీ కుడిచెయ్యి ఎత్తండి" అన్నారు. అదే చిరునవ్వు. అప్పుడు వైద్యుడు తన చెయ్యి తానే పైకెత్తి చూపించారు. మావయ్య వెంటనే ఎత్తారు. అంతే, ఆ పరీక్షకు రెండు నిమిషాలు పట్టలేదు. ఈయనకు పిచ్చి కాదు, మనం అనే మాట ఈయనకు అర్థం కావడం లేదు, వెంటనే స్కాను తీయించండి అన్నారు. ఎడమ చెవికి పైన, కొంచెం వెనగ్గా, మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడింది.

ఇంట్లో నాలుగు రోజులపాటు ఈ సంగతి ఎందుకు బయటపడలేదో తరువాత ఆలోచిస్తే తెలిసింది. మనం ఇంట్లో నోటితో మాత్రమే మాట్లాడుకోము. అత్తయ్య కంచం చేత్తో పట్టుకుని "భోజనానికి రండి" అనేది. ఆయన కంచాన్ని చూసి వచ్చేవారు. కంచంలో కుడివైపున వేసిన పచ్చడి అలాగే మిగిలిపోయేది. కోపం వచ్చి వదిలేశారని ఆవిడ అనుకుంది. చూపులో కుడివైపు భాగం కొంత పోయిందని మాలో ఎవరికి తెలుసు?

నన్ను ఇప్పటికీ వదలని సంగతి ఒకటుంది. ఆయన మాటల్లో విభక్తులు చెడలేదు. 'కి', 'తో', 'లో' అన్నీ వాటి వాటి స్థానాల్లోనే ఉన్నాయి. కర్తకూ క్రియకూ పురుష, వచనాలు సరిగ్గా కుదిరాయి. ముప్ఫయ్యేళ్ళు వ్యాకరణం చెప్పిన మనిషిలో వ్యాకరణం నిలిచి, అర్థం జారిపోయింది. నేను రాసిన సమాధానంలో 'ధారాళమైన, అర్థరహితమైన భాషణ' అన్న మాటలు ఉన్నాయి. కింద గీత కూడా గీశాను. ఆ నాలుగు మాటలే మనిషై వసారాలో నా ఎదుట నిలబడితే పోల్చుకోలేకపోయాను.

అత్తయ్య నన్ను తిట్టలేదు. ఆసుపత్రి వరండాలో ఒకే ఒక మాట అడిగింది. "నువ్వు చదివింది ఇదే కదురా నాయనా?"

ఇక అసలు విషయానికి వస్తాను. నా అజ్ఞానానికి బోధనే కాక మన మాటలు కూడా కొంత కారణమని నాకు తోస్తుంది. పక్షమంటే ఒక పక్క. ఒక పక్క చచ్చుబడితేనే పక్షవాతం. మెదడులో ఒక చోటికి రక్తం అందకపోతే ఆ చోటు ఏ పని చేస్తుందో ఆ పని పోతుంది. అది చెయ్యి కావచ్చు, చూపు కావచ్చు, మాట కావచ్చు, మాటకు అర్థం కావచ్చు. చెయ్యీ కాలూ పోయినదానికి మన భాషలో పేరుంది, మిగిలినవాటికి లేదు. పేరు లేని జబ్బును మనం గాలి అంటాము, లేదా పిచ్చి అంటాము, నా బోటి విద్యావంతులైతే దిగులు అంటారు.

నరమనే మాట తీసుకోండి. నరంలోకి సూది వేశారంటే అది రక్తనాళం. నరం పట్టేసిందంటే అది చాలాసార్లు కండరం. నరాల బలహీనతకు మందులమ్మే గోడరాతల్లో ఉన్నది ఏ నరమో ఆ అమ్మేవాడికీ తెలియదు. నాడి సంగతీ అంతే. వైద్యుడు మణికట్టు దగ్గర చూసేది రక్తపు పోటు. యోగశాస్త్రంలో ఇడ, పింగళ, సుషుమ్న అనేవి వేరు. పాఠ్యపుస్తకంలో నాడీమండలం మరొకటి. ఒకే మాట మూడు చోట్ల మూడు అర్థాలతో నిలబడి ఉంటే, విద్యార్థి మూడింటినీ కలిపి ఒక ముద్ద చేసుకుంటాడు. దీనికి మనం సిగ్గుపడనక్కరలేదు లెండి. గ్రీకు భాషలో న్యూరాన్ అన్న మాటకు మొదటి అర్థం స్నాయువే, వింటినారి కూడా. వాళ్ళూ ఇలాగే కలగాపులగం చేసుకున్నారు. అంత గొప్ప అరిస్టాటిల్ ఆలోచనకు స్థానం గుండె అనీ, మెదడు రక్తాన్ని చల్లబరచడానికి ఉందనీ అనుకున్నాడు.

పాఠ్యపుస్తకాల తెలుగు మరో చిక్కు. వణుకూ, గుండెదడా, నోరెండిపోవడమూ తెచ్చే నాడుల వ్యవస్థకు 'సహానుభూత నాడీవ్యవస్థ' అని పేరు పెట్టారు. ఇతరుల మీద జాలి కలిగించే నాడులేమో అనుకున్న విద్యార్థులను నేనెరుగుదును. తప్పు వాళ్ళది కాదు. శరీరంలో ఒక అవయవం బాధపడితే మరొకటి స్పందిస్తుందన్న పాతకాలపు భావన నుంచి ఇంగ్లీషులో ఆ పేరు వచ్చింది, దాన్ని మనవాళ్ళు ఉన్నదున్నట్టు తెచ్చుకున్నారు. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం అందుకోగానే నాలుక పిడచకట్టుకుపోతుందే, ఆ పని చేసేది ఇదేనని చెబితే మరచిపోయేవాడు ఉండడు.

నాడీకణం ఎలా పనిచేస్తుందన్నది కూడా ఇంతే సులువుగా చెప్పవచ్చు. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక్కొక్కటీ ఉప్పునీళ్ళలో తేలుతున్న సన్నని సంచి. లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. ఈ తేడా వల్ల సంచి గోడకు అటూ ఇటూ దాదాపు 70 మిల్లీవోల్టుల విద్యుత్తు నిలిచి ఉంటుంది. టార్చిలైటు బ్యాటరీలో ఇరవయ్యో వంతు కూడా కాదు. గోడలోని తలుపులు తెరుచుకుని సోడియం లోపలికి దూకితే ఆ కదలిక తంత్రికాక్షం పొడుగునా పాకుతుంది. చివరకు వెళ్ళి కొన్ని రసాయనాలను విడుదల చేస్తే, సన్నని సందు దాటి అవి పక్క కణాన్ని కదిలిస్తాయి. అక్కడ జరిగేది రసాయనాల పనేనని 1921లో ఆటో లోవీ రెండు కప్పల గుండెలతో నిరూపించాడు. ఒక గుండె తడిసిన నీటిని రెండోదాని మీద పోస్తే రెండోది కూడా నెమ్మదించింది. ఆ ప్రయోగం ఎలా చేయాలో ఆయనకు కలలో తోచిందట. కలలంటే చెవికోసుకునే మన విద్యార్థులకు ఈ ఒక్క కథ చెప్పినా ఆ అధ్యాయం వైపు తిరుగుతారు.

గడప తగిలి బొటనవేలికి దెబ్బ తగిలినప్పుడు గమనించారా? తగిలిందన్న సంగతి వెంటనే తెలుస్తుంది. ప్రాణం తోడేసే మంట ఒక్క క్షణం ఆగి వస్తుంది. కొవ్వు తొడుగు ఉన్న లావుపాటి నాడీతంతువుల్లో కబురు సెకనుకు 120 మీటర్ల దాకా పరుగెత్తగలదు. తొడుగు లేని సన్నని తంతువులు మంటను మోసుకుని సెకనుకు మీటరు చొప్పున నడుస్తాయి. ఇది పుస్తకం లేకుండా ప్రతి ఒక్కరూ తమ కాలి మీదే చేసుకున్న ప్రయోగం.

లోపలికి దూకిన సోడియాన్ని మళ్ళీ బయటకు తోడాలి. తోడడానికి శక్తి కావాలి. శరీరం బరువులో రెండు శాతమే ఉన్న మెదడు, మనం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో అయిదో వంతు తీసుకునేది ప్రధానంగా ఇందుకే. ఆ శక్తిని అందించే పదార్థం ఏటీపీ. దాన్ని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. ఫిస్క్ తో కలిసి ఆయన, విడిగా జర్మనీలో లోమన్, అదే సంవత్సరంలో కనుగొన్నారు. తెలుగువాళ్ళమని సభల్లో చెప్పుకోవడమే తప్ప మెదడు పాఠంలో ఆయన పేరు ఎక్కడ రావాలో మనం ఆలోచించలేదు. ఈ శక్తికి మెదడులో చెప్పుకోదగ్గ నిలవ లేదు. రక్తం పూర్తిగా ఆగిపోతే పది సెకన్లలోపే స్పృహ తప్పుతుంది. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో లెక్క కట్టారు. నాలుగు రోజులకు ఎన్ని నిమిషాలో గుణించడం నేను ఒకసారి మొదలుపెట్టి మానేశాను.

ఈ విద్యుత్తే అదుపు తప్పి వేలూ లక్షల కణాల్లో ఒక్కసారిగా ఎగసిపడితే మూర్ఛ. మన ఊళ్ళలో మూర్ఛ వచ్చినవాడి చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు. చాలామందిలో అది ఒకటి రెండు నిమిషాల్లో తనంత తానే ఆగిపోతుంది, ఖ్యాతి తాళంచెవులకు దక్కుతుంది. చదువుకున్నవాళ్ళు కూడా పెడుతున్నారు. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ కుక్కకపోవడం, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తరలించడం... ఇవి చెప్పడానికి ఒక తరగతి చాలు.

ఇప్పుడు భాగాల సంగతి. నేను భాగాల పేర్లు చెప్పవద్దనడం లేదు, మనుషులతో మొదలుపెట్టమంటున్నాను. పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఇరవయ్యేళ్ళకు పైగా ఉన్నాడు. ఏమడిగినా "తాన్, తాన్" అనేవాడు. ఎదుటివాళ్ళు చెప్పేది అతనికి అర్థమయ్యేది. 1861 ఏప్రిల్‌లో అతడు చనిపోయిన మర్నాడే పాల్ బ్రోకా అతని మెదడును పండితుల సభలో చూపించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బ ఉందని చెప్పాడు. పదమూడేళ్ళ తరువాత, 1874లో, ఇరవయ్యారేళ్ళ కార్ల్ వెర్నికే దీనికి సరిగ్గా తిరగబడిన రోగుల గురించి రాశాడు. ధారాళంగా మాట్లాడతారు, అర్థం ఉండదు, మనం చెప్పేదీ వాళ్ళకు తెలియదు. మన పుస్తకాల్లో ఈ రెండూ పక్కపక్కన పట్టికగా ఉంటాయి. తాన్ కోపం వచ్చినప్పుడు ఒక తిట్టు మాత్రం స్పష్టంగా తిట్టేవాడన్న సంగతి ఉండదు. లెబోర్న్ మెదడును దాచి ఉంచారు, 2007లో దాన్ని ఎం.ఆర్.ఐ. తీస్తే దెబ్బ బ్రోకా పైపైన చూసినదానికన్నా చాలా లోతుకు పోయిందని తేలిందన్న సంగతీ ఉండదు. భాష ఒక గదిలో కాపురముండదు, గదుల మధ్య దారులు కూడా భాషే అని ఇవాళ్టి శాస్త్రం చెబుతున్నది. పట్టికలో గదులే ఉన్నాయి, దారులు లేవు.

1848లో ఇనుపకడ్డీ తలలోంచి దూసుకుపోయిన ఫినియాస్ గేజ్ కథ మాత్రం అందరూ చెబుతారు, అదీ పెంచి చెబుతారు. ఆ ప్రమాదం తరువాత అతడు పనికిరాని దుర్మార్గుడైపోయాడన్నట్టు రాస్తారు. అతడు ఆ తరువాత చిలీ దేశం వెళ్ళి కొన్నేళ్ళపాటు గుర్రపుబండి తోలాడు. రోజూ ఆరు గుర్రాలను అదుపులో పెట్టి ప్రయాణికులను చేరవేసినవాణ్ణి వ్యక్తిత్వం నశించినవాడనడం న్యాయం కాదు. దెబ్బతిన్న మెదడు కూడా ఎంతో కొంత దారి వెతుక్కుంటుందని చెప్పవలసిన కథను మనం నీతికథగా మార్చుకున్నాము.

ఈ చదువు సరిగ్గా లేకపోవడం వల్ల కలిగే నష్టం ఇళ్ళలోనే కాదు, బజారులోనూ కనబడుతుంది. మెదడులో పదిశాతమే వాడుతున్నామని వ్యక్తిత్వ వికాస శిబిరాల్లో చెప్పేవారిలో సైకాలజీ పట్టా ఉన్నవాళ్ళు ఉన్నారు. ఆ తొంభై శాతం ఖాళీ అయితే మావయ్య మెదడులో గడ్డ ఎక్కడ పడ్డా నష్టం ఉండకూడదు! కుడి మెదడు కళాకారులది, ఎడమ మెదడు లెక్కల వాళ్ళదట. రోజర్ స్పెర్రీ చేసిన పని రెండు అర్ధగోళాలనూ కలిపే వంతెనను కోసిన రోగుల మీద. మనలో ఆ వంతెన చెక్కుచెదరకుండా, సుమారు 20 కోట్ల తంతువులతో అటూ ఇటూ కబుర్లు మోస్తూ ఉంటుంది. ఇటీవలి కాలంలో వచ్చిన మరో వింత, పిల్లల 'మధ్యమెదడును మేల్కొలిపి' కళ్ళకు గంతలు కట్టి చదివించడం. మధ్యమెదడు పుట్టినప్పటి నుంచీ మేల్కొనే ఉంది. వెనక టపాకాయ పేలితే తల గిరుక్కున తిప్పే పని దానిదే. గంతకు ముక్కు పక్కన సందు ఉండడమే ఆ విద్య రహస్యం. తల్లిదండ్రులు వేలకు వేలు పోసి వస్తున్నారు. ఒక్క బాణం, ఒక్క పేరు గుర్తుపెట్టుకున్న విద్యార్థి ఆ తల్లిదండ్రులకు ఏమీ చెప్పలేడు. టపాకాయ సంగతి తెలిసినవాడు చెప్పగలడు.

మనసును మెదడుకు కుదించేస్తున్నానని మిత్రులు కొందరు ఆక్షేపించవచ్చు. నేనలా అనుకోవడం లేదు. మావయ్యకు నిజంగా దిగులు కలిగింది, కాకపోతే తరువాత కలిగింది. తన మాట ఎవరికీ చేరడం లేదని ఆయనకు తెలిసివచ్చిన నెలల్లో కలిగింది. అప్పుడు సైకాలజీ చదివినవాడి అవసరం ఉంది. ఆ సమయానికి నేను సిగ్గుతో ఆ ఊరికి వెళ్ళడం తగ్గించాను. ఆయన మరో ఎనిమిదేళ్ళు బతికారు. కొన్ని మాటలు తిరిగి వచ్చాయి, అత్తయ్యా ఆయనా కలిసి సైగల భాష ఒకటి అల్లుకున్నారు. వేమన పద్యం ఎవరైనా ఎత్తుకుంటే చివరిదాకా తప్పు లేకుండా చదివేవారు, అందులో ఒక మాటకు అర్థమడిగితే మన మొహంలోకి చూసేవారు.

గడ్డను కరిగించే సూది ఇప్పుడుంది. సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు వేయాలి. 2003లో ఆ ఊరి నుంచి ఆ గడువులో చేరడం జరిగే పని కాదు, అది నిజమే. ఇప్పుడు చాలా ఊళ్ళ నుంచి జరిగే పనే. అయితే అది మెదడుకు వచ్చిన జబ్బని మొదటి గంటలో ఎవరో ఒకరు అనాలి. ఇంట్లో సైకాలజీ చదువుతున్న పిల్లో పిల్లవాడో ఉంటే అందరూ చూసేది వాళ్ళ మొహమే.

నేను పాఠం చెప్పడం మొదలుపెట్టాక ఆ అధ్యాయాన్ని బొమ్మతో ప్రారంభించడం మానేశాను. మొదటిరోజు తరగతిలోకి వెళ్ళి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, మావయ్య మాటలు ఆయన ధోరణిలోనే చెబుతాను. తలుపుకి నిన్నటి ఉప్పు, ఎండని పలకమ్మలు. తరగతంతా నవ్వుతుంది. నవ్వనివ్వండి, నవ్వొచ్చే మాటలే అవి. ఏటా ఒకరిద్దరు మాత్రం నవ్వరు. గంట కొట్టాక తలుపు దగ్గర ఆగుతారు. కిందటేడు ఒక అమ్మాయి సంచీ పట్టీ వేలికి చుట్టుకుంటూ చాలాసేపు నిలబడి, "మా నాయనమ్మ ఇలాగే మాట్లాడింది సార్. మేం వేపమండలతో కొట్టించాం" అంది.